తిండి లేని తీపి

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో చేసిన ఉపన్యాసం పాఠం)



భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదువుకునే వయసులోనే ఇద్దరు సోదరులను రోజుల తేడాలో పోగొట్టుకున్నారు. వాళ్లను బలిగొన్న జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, కళ్లముందే మనిషి కరిగిపోతాడు. ఆ జబ్బు సుబ్బారావుకూ సోకింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఆ తర్వాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఏళ్లకేళ్లు పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేయగలిగింది. స్ప్రూ రోగులకూ, ఒకరకం రక్తహీనతతో నీరసించిన గర్భిణులకూ మందు దొరికింది.

ఆ మందు అంతకుముందు ఎక్కడుంది? ఆకుకూరల్లో, కాలేయంలో, ఈస్టులో. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకోవడానికి నాలుగు టన్నుల పాలకూరను వడగట్టాల్సి వచ్చింది. అంత ఆకు నుంచి వచ్చింది రవ్వంత. ఆ రవ్వంతలో ఏముందో తెలుసుకుని, దాన్ని లక్షలమందికి అందేలా చేయడం సుబ్బారావు తరం శాస్త్రవేత్తల ఘనత. శరీరానికి ఏది కొరవడిందో వాళ్లు వెతికారు. ఆహారంలో ఉన్నదాన్నే మందుగా మార్చారు.

అదే రసాయన శాస్త్రం ఇంకో దారీ తొక్కింది. అందులో పోషణ పూర్తిగా పోయింది, తీపి ఒక్కటే మిగిలింది. ఈరోజు ప్రసంగం ఆ దారి గురించి. చక్కెర మానాలనుకునేవాళ్లకు కృత్రిమ తీపిని మార్గంగా చూపిస్తున్నారు. అది మార్గం కాలేకపోయిందనీ, కోరికను చెక్కుచెదరకుండా కాపాడుతూ అసలు తిండిని పళ్లెంలోంచి పక్కకు నెడుతోందనీ చెప్పడానికి ఇప్పుడు తగినన్ని ఆధారాలున్నాయి. పండును పండుగా, గింజను గింజగా తినే భోజనానికి మళ్లడం ఒక్కటే నమ్మదగిన దారి.

1879లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇరా రెమ్సెన్ అనే ఆచార్యుడి ప్రయోగశాల ఉండేది. అక్కడ కాన్‌స్టాంటిన్ ఫాల్‌బెర్గ్ బొగ్గు తారు నుంచి వచ్చే రసాయనాల మీద పనిచేసేవాడు. ఒకరోజు పని ముగించుకుని భోజనానికి కూర్చుంటే రొట్టె విపరీతమైన తీపిగా తగిలింది. చేతులు సరిగ్గా కడుక్కోలేదని అప్పుడు తట్టింది. ప్రయోగశాలకు పరుగెత్తి, బల్లమీదున్న పాత్రలన్నిటిలోనూ ఉన్నది నాలుకకు రాసుకుని చూశాడు. శాకరిన్ దొరికింది. చక్కెర కంటే వందల రెట్లు తీపి. పరిశోధనా వ్యాసం గురుశిష్యుల ఇద్దరి పేర్లమీదా వచ్చింది, పేటెంట్లు మాత్రం ఫాల్‌బెర్గ్ చేతికి వెళ్లాయి. రెమ్సెన్ దాన్ని జీవితాంతం క్షమించలేదు.

తర్వాతివన్నీ దాదాపు ఇలాంటి ప్రమాదాలే. 1937లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్వేడా అనే విద్యార్థి జ్వరం మందు కోసం ప్రయత్నిస్తూ, బల్ల అంచున పెట్టిన సిగరెట్టును నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది. అది సైక్లమేట్. 1965లో జేమ్స్ ష్లాటర్ కడుపు పుండ్ల మందు మీద పనిచేస్తూ, కాగితం తీయడానికి వేలు తడిచేసుకున్నాడు. అది అస్పర్టేమ్. 1976లో లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్ కాలేజీలో లెస్లీ హఫ్ దగ్గర పనిచేస్తున్న మన దేశపు యువకుడు శశికాంత్ ఫడ్నిస్, పదార్థాన్ని పరీక్షించమన్న మాటను రుచి చూడమన్నట్టుగా విన్నాడు. చక్కెర అణువుకు మూడు క్లోరిన్ పరమాణువులు తగిలించిన ఆ పదార్థమే సుక్రలోజ్. చక్కెరకు సుమారు 600 రెట్లు తీపి. వీళ్లలో తీపి కోసం వెతికినవాళ్లు లేరు. ఎవరి ఆకలో తీర్చాలని బయలుదేరినవాళ్లూ లేరు. ఏదో చేస్తుంటే నాలుకకు ఏదో తగిలింది, దాని చుట్టూ ఒక పరిశ్రమ లేచింది.

600 రెట్లంటే ఎంతో ఒక్కసారి ఊహించండి. 5 గ్రాముల చెంచాడు చక్కెర ఇచ్చే తీపికి సుక్రలోజ్ 8 మిల్లీగ్రాములు చాలు. అంటే సూదిమొన మీద నిలిచేంత. అంత చిన్న రవ్వను పొట్లం కట్టి అమ్మడం కుదరదు కనుక అందులో మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ లాంటి పిండి పదార్థాలు కలిపి బరువు పెంచుతారు. పొట్లంలో చేతికి తగిలే తెల్లపొడిలో ఎక్కువ భాగం ఆ భర్తీ సరుకే.

ఈ పదార్థాల మీద భయాలూ పుట్టాయి. వాటిని న్యాయంగా తూచాలి. 1969లో ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయని అమెరికాలో సైక్లమేట్‌ను నిషేధించారు. 1977లో కెనడాలో జరిగిన ఎలుకల పరీక్షల తర్వాత శాకరిన్‌నూ నిషేధించబోతే, జనం గగ్గోలు పెట్టారు. అమెరికన్ కాంగ్రెస్ ఆ నిషేధాన్ని ఆపి, డబ్బాల మీద హెచ్చరిక రాయించింది. ఎలుక శరీరంలో కణితి పుట్టిన తీరు మనిషికి వర్తించదని తేలాక, 2000లో ఆ హెచ్చరిక కూడా పోయింది. 2023 జులైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అస్పర్టేమ్‌ను 2బి వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందేమోనన్న జాబితాలో చేర్చింది. అదేరోజు మరో నిపుణుల సంఘం, రోజుకు కిలో శరీరబరువుకు 40 మిల్లీగ్రాముల వరకు పర్వాలేదన్న పాత పరిమితినే ఖాయం చేసింది. 70 కిలోల మనిషి దాన్ని దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డబ్బాల డైట్ పానీయం తాగాలి. కాబట్టి కాఫీలో ఒక తీపి బిళ్ల వేసుకున్నవాళ్లు రేపే క్యాన్సర్ వస్తుందని బెంబేలెత్తనక్కర్లేదు. పుట్టుకతో ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్లు మాత్రం అస్పర్టేమ్ జోలికే పోకూడదు, అందుకే ఆ హెచ్చరిక డబ్బా మీద రాస్తారు.

భయం తగినంత కారణం కాకపోతే మరి ఎందుకు మానాలి? చెప్పిన పని చేయడం లేదు కనుక.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 283 అధ్యయనాలను పరిశీలించి 2023 మే 15న ఒక మార్గదర్శకం వెలువరించింది. బరువు తగ్గడానికని కృత్రిమ తీపిని వాడవద్దని అందులో సూచించింది. కొద్దినెలల పరీక్షల్లో కాస్త బరువు తగ్గినట్టు కనిపించినా, ఏళ్ల తరబడి గమనించినప్పుడు ఆ లాభం నిలవలేదు. పైగా ఇవి ఎక్కువగా వాడేవాళ్లలో టైప్ 2 మధుమేహం, గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. అప్పటికే లావైనవాళ్లు, షుగర్ వస్తుందని భయపడుతున్నవాళ్లే ఈ బిళ్లలు ఎక్కువగా వాడతారు. జబ్బుకు బిళ్ల కారణమా, బిళ్లకు జబ్బు భయం కారణమా అని విడదీయడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అందుకే గట్టి ఆదేశం ఇవ్వకుండా షరతుతో కూడిన సూచన దగ్గర ఆగింది. అది ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు వర్తించదని కూడా చెప్పింది. ఈ మాట ఈ సభలో చాలామందికి ముఖ్యం. షుగర్ ఉన్నవాళ్లు ఈ ప్రసంగం విని బిళ్ల మాని మళ్లీ చక్కెర డబ్బా తెరిస్తే అది ఘోరమైన పొరపాటు.

ఎదుటి పక్షం ఆధారాలు కూడా చెప్పుకోవాలి. 2012లో నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లల మీద ఏడాదిన్నరపాటు ఒక పరీక్ష జరిగింది. రోజూ చక్కెర పానీయం తాగిన పిల్లలతో పోలిస్తే కృత్రిమ తీపి పానీయం తాగిన పిల్లలు కిలో మేర తక్కువ బరువు పెరిగారు. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు మధుమేహం ఉన్న 179 మందికి 12 వారాలపాటు కాఫీ, టీలలో చక్కెర బదులు సుక్రలోజ్ ఇచ్చి చూశారు. బరువు, నడుము కొలత కొద్దిగా తగ్గాయి. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. రోజూ కప్పులకు కప్పులు తాగే మనబోటివాళ్లకు ఇంతకంటే దగ్గరి పరీక్ష దొరకదు. చక్కెర కంటే బిళ్ల కొంత నయం అన్నంతవరకే ఈ పరీక్షలు చెబుతున్నాయి. పోలిక చక్కెరతో కాబట్టి బిళ్ల గెలిచింది. మంచినీళ్లతోనో, మజ్జిగతోనో, తీపి లేని కాఫీతోనో పోల్చినప్పుడు అది గెలుస్తుందని ఈ పరీక్షలు చెప్పవు.

శరీరం ఈ తేడాను పసిగడుతుంది. 2020లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జుకర్ బృందం ఎలుకల ముందు రెండు సీసాలు పెట్టింది. ఒకదానిలో చక్కెర నీళ్లు, రెండోదానిలో ఎసిసల్ఫేమ్ అనే కృత్రిమ తీపి కలిపిన నీళ్లు. మొదట్లో ఎలుకలు రెండూ సమానంగా తాగాయి. రెండురోజులు గడిచేసరికి దాదాపు పూర్తిగా చక్కెర సీసా వైపే తిరిగాయి. తీపిని గుర్తుపట్టే నాలుక గ్రాహకాలు తీసేసిన ఎలుకలు కూడా అలాగే తిరిగాయి. పేగుల్లో చక్కెర చేరిందన్న వార్త నాడుల ద్వారా మెదడుకు అందుతోంది. కృత్రిమ తీపి ఆ వార్త పంపలేదు. నాలుక చెప్పినదాన్ని కడుపు ధ్రువపరచదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవాళ్లు 2022లో 120 మంది మీద చేసిన పరీక్షలో, రెండువారాలు శాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవాళ్లలో పేగుల్లోని సూక్ష్మజీవులు మారాయి, గ్లూకోజును శరీరం తట్టుకునే తీరు కూడా దెబ్బతింది. అందరిలో ఒకేలా కాదు, ఒక్కొక్కరిలో ఒక్కోలా. ఏ ప్రభావమూ లేని పదార్థంగా వీటిని అమ్మిన కాలం అక్కడితో ముగిసినట్టే.

తిండిలోంచి ఒక్క గుణాన్ని వేరుచేసి తక్కినది పారేస్తే ఏమవుతుందో తెలుగు నేలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. వంద ఏళ్ల కిందట దేశంలో బెరిబెరి జబ్బుకు పెట్టింది పేరు ఉత్తర సర్కారు జిల్లాలు. కాళ్లు వాచి, నరాలు చచ్చుబడి, గుండె ఆగి జనం పోయేవారు. కారణం కంచంలోనే ఉంది. మరపట్టించిన పచ్చిబియ్యం తెల్లగా మెరిసేది. తవుడుతోపాటు థయమిన్ అనే విటమిన్ వెళ్లిపోయేది. మిగిలిన కాస్తా బియ్యం కడిగిన నీళ్లలోనూ, వార్చి పారబోసిన గంజిలోనూ పోయేది. అదే సమయంలో ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ జబ్బు పెద్దగా లేదు. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు ఆ విటమిన్ పైపొరనుంచి గింజ లోపలికి దిగి, మరపట్టినా నిలిచి ఉండేది. దంపుడు బియ్యం తిన్నవాళ్లకూ కొంత రక్షణ ఉండేది.

ఈ బెరిబెరి మీద పరిశోధనకే 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న గదిలో విచారణ కేంద్రం మొదలుపెట్టాడు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మన జిల్లాల బియ్యపు జబ్బు నుంచి పుట్టిన సంస్థ మన రాష్ట్రాల మధ్యకే వచ్చి స్థిరపడింది. ఈ దేశపు తిండి గురించి ఏ లెక్క కావాలన్నా నేడు అందరూ ఆ సంస్థ వైపే చూస్తారు. అది 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో 528 రకాల ఆహారాల విశ్లేషణ ఉంది. జామకాయలు, రాగులు, గోంగూర, తోటకూర, మునగాకు అన్నీ అందులో వరుసగా ఉన్నాయి. వంటింట్లో ఉండాల్సిన పుస్తకం అది, గ్రంథాలయంలో ఉండిపోయింది.

పండును నమిలి తినడానికీ, రసం తాగడానికీ ఉన్న తేడాను 1977లో ఇంగ్లండ్‌లో చేసిన ఒక చిన్న పరీక్ష చాలా దగ్గరగా చూపించింది. పదిమంది ఆరోగ్యవంతులకు యాపిల్ పండ్లు మూడు రకాలుగా ఇచ్చారు: ఒకసారి ముక్కలుగా, ఒకసారి గుజ్జుగా, ఒకసారి పీచు తీసేసిన రసంగా. మూడింటిలోనూ చక్కెర సమానం. రసాన్ని పండు కంటే 11 రెట్లు వేగంగా తాగేయగలిగారు. కడుపు నిండిన భావన పండుతో ఎక్కువ, గుజ్జుతో తక్కువ, రసంతో ఇంకా తక్కువ. రక్తంలో చక్కెర మూడింటితోనూ దాదాపు ఒకే ఎత్తుకు లేచింది. కానీ రసం తాగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా ఉబికి, ఆ తర్వాత చక్కెర ఒక్కసారిగా పడిపోయింది. పండు తిన్నప్పుడు ఆ పడిపోవడం లేదు. చక్కెర అదే, పదార్థం అదే. పీచు, నమలడం, పట్టిన సమయం మాత్రమే మారాయి. చక్కెర పరిమాణం ఒక్కటే లెక్కపెట్టేవాళ్లకు ఈ తేడా అంతుపట్టదు. కృత్రిమ తీపి పుట్టింది సరిగ్గా ఆ లెక్కలోంచే.

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ చేసిన పరీక్ష ఇంకా గట్టిది. 20 మందిని నెలరోజులు ఆసుపత్రిలోనే ఉంచి, రెండువారాలు కర్మాగారాల్లో తయారైన తిండి, రెండువారాలు మామూలు వంట పెట్టారు. రెండు రకాల భోజనాల్లోనూ వాళ్ల ముందు ఉంచిన చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానం. ఎవరికి ఎంత కావాలంటే అంత తినొచ్చు. కర్మాగారపు తిండి మీద ఉన్నప్పుడు వాళ్లు రోజుకు 500 కేలరీలకు పైగా ఎక్కువ తిన్నారు, రెండువారాల్లో 0.9 కిలోలు బరువు పెరిగారు. మామూలు వంట తిన్నప్పుడు అంతే తగ్గారు. ఎవరూ వాళ్లను డైటింగ్ చేయమనలేదు.

ఇప్పుడు సాయంత్రం ఒక తెలుగింటి కాఫీ బల్ల దగ్గరికి వెళ్దాం. "నాన్నగారికి చక్కెర వెయ్యకమ్మా, బిళ్ల వెయ్యి" అంటారు. కాఫీ పక్కన పళ్లెంలో షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్లు నాలుగు. పొట్లం తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివితే మొదట కనిపించేది మైదా, ఆ తర్వాత పామాయిల్, ఆ తర్వాత మాల్టిటాల్ అనే మరో తీపి పదార్థం, చివర్లో 955 అనే అంకె. ఆ అంకె సుక్రలోజ్‌ది. 950 ఎసిసల్ఫేమ్, 951 అస్పర్టేమ్, 954 శాకరిన్, 960 స్టీవియా ఆకు నుంచి తీసే పదార్థాలు. మైదా రక్తంలోకి చేరేటప్పుడు గ్లూకోజుగానే చేరుతుంది. మాల్టిటాల్‌లో కూడా గ్రాముకు రెండు కేలరీల పైచిలుకు ఉంది, మోతాదు మించితే విరేచనాలు. నాన్నగారు చక్కెర మానేశారన్న తృప్తి ఇంటిల్లిపాదికీ ఉంటుంది. ఆ పళ్లెంలో నాలుగు బిస్కెట్ల బదులు ఒక జామకాయ ఉండి ఉంటే, 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి, దండిగా పీచు, నమలడానికి పని, కడుపు నిండిన తృప్తి దొరికేవి. కృత్రిమ తీపి చేసే అసలు నష్టం ఇదే. తనలోని విషం కంటే, తాను ఆక్రమించిన చోటు వల్ల అది ఎక్కువ నష్టం చేస్తుంది.

అలాగే ఇంట్లో వంటకు వీటిని వాడటం ఈమధ్య ఎక్కువైంది. అస్పర్టేమ్ వేడికి విడిపోతుంది, పాయసంలో వేస్తే తీపే మిగలదు. సుక్రలోజ్‌ను 120 డిగ్రీలకు మించి కాల్చినప్పుడు హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలు ఏర్పడవచ్చని జర్మనీ ప్రభుత్వ సంస్థ 2019లో హెచ్చరించింది. పండగకు ఒక్క అరిసె బెల్లంతోనే చేసుకుని తిని, మర్నాడు మానేయడం మంచిది.

బెల్లం మాట వచ్చింది కనుక గట్టిగా చెప్పుకోవాల్సింది ఒకటుంది. తెల్ల చక్కెర మానేశామని కాఫీలో బెల్లం, పాలలో తేనె, లడ్డూలో ఖర్జూరపు పాకం వేసుకునేవాళ్లు చాలామంది. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. కొంచెం ఇనుము, కొన్ని ఖనిజాలు ఉన్నమాట నిజం, వాటికోసం బెల్లం తినాల్సినంత తింటే షుగర్ వ్యాధి ముందొస్తుంది. ఖర్జూరాన్ని కాయగా రెండు తినడం వేరు, పాకం తీసి పొయ్యడం వేరు. యాపిల్ పరీక్షలో తేలిందే ఇక్కడా వర్తిస్తుంది.

మరి ఏం తినాలి? జాబితా పెద్దదేమీ కాదు, మన అంగట్లోనే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన పళ్లెం లెక్కలో రోజుకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు. మన ఇళ్లలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. అన్నం కొండ, కూర నంజు. తీపి మీద యావ పోవాలంటే ముందు ఈ కంచాన్ని సరిదిద్దుకోవాలి. పప్పు, గుడ్డు, పెరుగు, వేరుశనగలు చాలినంత తిన్నవాళ్లకు సాయంత్రం నాలుగింటికి బిస్కెట్ మీదికి చెయ్యి పోదు. జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రన్నం నమలక తప్పని తిండి. రాగుల్లో 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పెసరట్టు అల్లంతో తింటే, ఉలవచారు తాగితే, గోంగూర పప్పు కలుపుకుంటే నాలుకకు కారం, పులుపు, వగరు అన్నీ అందుతాయి. వేసవిలో తాటిముంజలు, చలికాలంలో తేగలు, రేగిపళ్లు, ఆశ్వయుజంలో సీతాఫలాలు వస్తాయి. ఏడాది పొడుగునా జామ, బొప్పాయి దొరుకుతాయి. వీటిలో తీపి ఉంది. పీచు, నీరు, పులుపు, గింజ, పొట్టు దాన్ని వెన్నంటి ఉన్నాయి. సీతాఫలం బాగా తీపి, షుగర్ ఉన్నవాళ్లు ఒక పండుతో ఆగాలి. మామిడిపండైనా అంతే.

రుచి మారుతుందా అని అడిగేవాళ్లుంటారు. కొంత మారుతుంది. 2016లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేశారు. కొంతమంది తమ తిండిలోని చక్కెర కేలరీల్లో 40 శాతం తీసేసి, వాటి బదులు పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వు తిన్నారు. మూడో నెలకు వచ్చేసరికి అదే పాయసం లాంటి వంటకం వాళ్లకు తక్కినవాళ్ల కంటే దాదాపు 40 శాతం ఎక్కువ తీపిగా తోచింది. ఇష్టం మాత్రం మారలేదు, తీపి తీపిగానే నచ్చింది. పరీక్ష అయిపోయాక మళ్లీ పాత తిండికి వెళితే పాత రుచే వచ్చేసింది. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, మొదటి నెలలో రుచి తెలియలేదని విసిగి మానేసినవాళ్లు గడువుకు ముందే లేచిపోయినట్టు. రెండు, బిళ్ల తీపితో నాలుకను రోజూ తట్టి లేపుతూ ఉంటే ఈ మార్పుకు అవకాశం తగ్గొచ్చు. చక్కెర మానిన మనిషి బిళ్ల వేసుకోవడంలో ఉన్న వైరుధ్యం అది.

కాఫీ తాగేవాళ్లు రెండు బిళ్లల నుంచి ఒకటికి, ఒకటి నుంచి అరకు, అర నుంచి ఏమీ లేకపోవడానికి రావడం సుళువు. డికాక్షన్ తాజాగా దిగితే, పాలు చిక్కగా కాగితే చేదు అంత బాధించదు. టీలో అల్లం, యాలకులు పనికొస్తాయి. బయట తాగే డైట్ పానీయం చోట ఉప్పు వేసిన మజ్జిగ, జీలకర్ర నీళ్లు, కొబ్బరినీళ్లు ఉన్నాయి. ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్లు భోజనంలో పెద్ద మార్పు చేసేముందు డాక్టర్‌తో మాట్లాడాలి. అన్నం తగ్గించి కూర పెంచితే మందు మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. చక్కెర పడిపోయినప్పుడు వాళ్లకు కావాల్సింది నిజమైన గ్లూకోజే. అప్పుడు డైట్ పానీయం తాగితే ప్రాణం మీదికొస్తుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు, దాని గుమ్మంలో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఈ అంకెలు చూసే తీపి బిళ్లల ప్రకటనలు మన వాకిళ్లలోకి వస్తున్నాయి. కానీ ఈ అంకెలను తగ్గించాలంటే ముందుగా చూడాల్సింది పిల్లల వైపు. బ్రిటన్‌లో యుద్ధకాలం నుంచి 1953 సెప్టెంబరు వరకు చక్కెరకు రేషన్ ఉండేది. ఆ రేషన్ కాలంలో కడుపున పడి, పసితనం గడిపినవాళ్లకు పెద్దయ్యాక టైప్ 2 మధుమేహం ముప్పు దాదాపు 35 శాతం తగ్గిందని 2024లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. జీవితపు మొదటి వెయ్యి రోజుల్లో తక్కువ తీపి తిన్న ఫలితం యాభై, అరవై ఏళ్ల తర్వాత కనిపించింది.

ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర కలిపిన పానీయాలే కాదు, కృత్రిమ తీపి కూడా ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. మన దేశంలో కృత్రిమ తీపి కలిపిన సరుకుల మీద పిల్లలకు పనికిరాదని రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. అందుకే ఈ సభకు వచ్చిన తల్లులకు, తండ్రులకు, అమ్మమ్మలకు, తాతయ్యలకు ఒక విన్నపం. పసిబిడ్డ పాలల్లో చక్కెర వేయకండి, బిళ్ల అసలే వేయకండి. ఉగ్గులోకి ముద్దపప్పు, మెదిపిన అరటిపండు, ఉడికించిన చిలగడదుంప చాలు. బడికెళ్లే పిల్లల డబ్బాలో రంగు కాగితం చుట్టినదేదీ పెట్టకుండా, ఒక పండు, గుప్పెడు వేరుశనగపప్పు పెట్టండి. దుకాణంలో ఏది కొన్నా ముందు పొట్లం వెనక్కి తిప్పి చదవండి. 950 నుంచి 960 మధ్య అంకె ఏది కనిపించినా తిరిగి అరలో పెట్టేసి రండి.